రెండో గుప్పెడు

జగిత్యాలలో ఒక ప్రభుత్వ ఆఫీసుకు ఆ రోజుల్లో ఎవరు ఫోన్ చేసినా ముందు పలికే గొంతు కృపారాణిది. ఒక్కసారి మాట్లాడిన మనిషిని ఆమె మరిచిపోయేది కాదు. పింఛను ఎందుకు ఆగిందని అడిగిన ముసలాయన మూడు నెలల తర్వాత మళ్లీ చేసి "హలో" అంటే చాలు, "బుగ్గారం కొమురయ్య తాత గదా, ఇంక రాలేదా పింఛను?" అని ఆమే అడిగేది. ఆఫీసులో అందరూ దాన్నొక పెద్ద విద్యలా చెప్పుకునేవారు. ఆమెకు మాత్రం అందులో విద్యేమీ కనిపించేది కాదు. నాలుగో ఏట తట్టు పోసి రెండు కళ్లూ పోయాక, మనుషుల్ని గుర్తుపెట్టుకోవడానికి ఆమెకు మిగిలినవి గొంతులే.

వాళ్లది సారంగాపూర్. తండ్రి నర్సింగం చిన్నప్పుడు ఒకరింట్లో పాలేరుగా జీతం ఉండి, పెద్దయ్యాక కూలికి పోయి బతికినవాడు. తల్లి రాజవ్వ నాట్లకూ కలుపులకూ పోయేది. గుంటెడు భూమి లేదు. ముప్పై దాటాక నర్సింగం సాయంత్రాలు ప్రార్థన మందిరంలో పాస్టరు దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దాడు. తోటి కూలీలు ఎంత ఆటపట్టించినా నవ్వి ఊరుకున్నాడు. ఆయనకు చదువు మీద ఎందుకంత మోజు పుట్టిందో ఇంట్లో వాళ్లకే తెలుసు. కరీంనగర్‌లో అంధుల హాస్టల్లో ఉండి చదువుకునే కూతురు సెలవులకు వచ్చినప్పుడల్లా, బెల్లం పొట్లం కట్టిన కాగితం దగ్గర్నుంచి ప్రతిదీ తెచ్చి చేతిలో పెట్టి "బాపూ, గిండ్ల ఏమున్నదో సదువు" అనేది. తనకు చదువు రాదని ఆ పిల్లకు చెప్పడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు.

కూతురికి ఉద్యోగం వచ్చిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. తెల్లారగానే నర్సింగం హోటల్ దాకా పోయి పేపరు కొనుక్కొస్తాడు. కృపారాణి తల దువ్వుకుంటూ, చాయ్ తాగుతూ ఉంటే ఆయన గడప మీద కూర్చుని మొదటి పేజీ మొదటి అక్షరం నుంచి చదువుతాడు. పెళ్లి ప్రకటనలూ వదలడు, టెండరు నోటీసులూ వదలడు. తొమ్మిది గంటల బస్సు ఎక్కించేదాకా ఆ చదువు సాగుతుంది. కూలికి పోవడం ఆలస్యమై మేస్త్రీ చేత మాట పడ్డా సరే, ఆ పని ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు.

ఉద్యమం లేచాక పేపరు బరువెక్కింది. ధర్నాలు, రాస్తారోకోలు, నిరాహార దీక్షల టెంట్లు. వాటితో పాటు, తెలంగాణ రాదేమోనన్న బెంగతో ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు. అలాంటి వార్త ఎదురైనప్పుడు నర్సింగం ఒకసారి దగ్గేవాడు. తర్వాత పేజీ తిప్పిన చప్పుడయ్యేది. ఆ దగ్గు అర్థం కృపారాణికి తెలుసు. అడగలేదు. తండ్రి మంచికే చేస్తున్నాడనుకుంది.

ఆఫీసుకు తరచూ ఫోన్ చేసే ఒక విద్యార్థి ఉండేవాడు. స్కాలర్‌షిప్ సంగతి కనుక్కోవడానికి చేసేవాడు. "అక్కా, నేనే మల్ల" అని నవ్వుతూ మొదలుపెట్టేవాడు. అతని పేరూ ఊరూ ఆమె ఇంట్లోనూ చెప్పేది. కొన్నాళ్లకు ఆ ఫోన్లు ఆగిపోయాయి. డబ్బు వచ్చి ఉంటుందిలే అని ఆమె సంతోషపడింది కూడా. నెలన్నర తర్వాత అటెండరు మాటల మధ్యలో చెప్పాడు: ఆ పిల్లవాడు లేడు, పేపర్లో ఫోటోతో సహా వచ్చింది, జిల్లా అంతా ఏడ్చింది.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అడిగింది. "బాపూ, గా పిలగాని వార్త నువ్వు సదివినవా?"

"సదివిన బిడ్డా."

"మరి నాకెందుకు సదవలే?"

"ఏమని సదవాలె? నీకు ఎరుకున్న గొంతాయె."

"అందరు ఏడ్సిననాడు నేను ఆఫీసుల నవ్వుకుంట కూసున్న. నాకు ఏది ఎరుకగావాలెనో ఏది వద్దో నువ్వే చూసుకుంటివా?"

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున ఆయన ఎప్పటిలాగే పేపరు చదివాడు, ఆమె ఎప్పటిలాగే విన్నది. కానీ ఇకమీద తన వార్త తానే చదువుకోవాలన్న పట్టుదల ఆమెలో ఆ రోజే పుట్టింది.

దారి మాత్రం లేదు. ఆఫీసు కంప్యూటర్లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం ఉంది, కానీ దానికి ఇంగ్లీషే వచ్చు. తెలుగు పేజీ ఎదురైతే మూగనోము పట్టేది. డబ్బు పోసి కొనుక్కునేవి ఎక్కడో ఉన్నాయని విన్నది గానీ, ఆ ధర ఆమె జీతానికి అందేది కాదు.

రెండువేల పదకొండు ఎండాకాలంలో కరీంనగర్‌లో చూపులేని ఉద్యోగుల సమావేశం జరిగింది. అక్కడికి వీరేందర్ వచ్చాడు. సిరిసిల్ల వాడు. తండ్రి రాజలింగం ఒకప్పుడు కల్లు గీయడానికి తాళ్లెక్కి, మోకాళ్లు అరిగాక మరమగ్గాల పనిలో చేరి కొడుకును చదివించాడు. వీరేందర్ హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో నలుగురు స్నేహితులతో కలిసి కంప్యూటర్‌కు తెలుగు చదవడం నేర్పిస్తున్నాడు. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ఒక వాక్యం వినిపించాడు. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉంది. అయినా తెలుగే!

"గిది అమ్ముడుకు గాదు," అన్నాడు వీరేందర్. "ఎవలన్న పుక్కట్ల తీస్కోవచ్చు, తప్పులుంటె దిద్దుకోవచ్చు, ఇంకొకలకు ఇయ్యచ్చు. ప్రోగ్రాం రాసుడంత మేమే రాస్తున్నం, దానికి మాకు పైసలద్దు. కని మంచిగ సదవాలంటె ఒక మనిషి గొంతు గంటలకు గంటలు రికార్డు చేయాలె. సప్పుడు రాని రూముకు హైదరాబాద్‌ల కిరాయి మస్తున్నది. మా జేబులు ఒడిసినయి. గీ యేడు గాకుంటె ఆపేసుడే."

"నేను జమచేస్త తమ్మీ," అంది కృపారాణి. ఎక్కడినుంచి తెస్తుందో ఆమెకు తెలియదు. నోరు ముందు పరుగెత్తింది.

ఇంటికొచ్చే బస్సులో ఆలోచన తెగలేదు. ఆమెకు తెలిసిన వాళ్లంతా రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్లు. చివరికి ఆదివారం మందిరంలో, స్త్రీల కూటానికి పెద్దదిక్కైన ఎల్లవ్వ పక్కన కూర్చుని సంగతి విప్పింది.

ఆ మందిరాల్లో గుప్పెడు బియ్యం అని పాత అలవాటొకటి ఉంది. ఎసట్లో పోయడానికి తీసిన బియ్యంలోంచి ఒక గుప్పెడు పక్క కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి మందిరంలో పోస్తారు. అది దేవుని వంతు. ఇంట్లో నూకలే ఉంటే నూకలే వేస్తారు గానీ మానరు. కృపారాణి అడిగింది రెండో గుప్పెడు. మూడు నెలలపాటు, దేవుని గుప్పెడు తీసిన చేత్తోనే ఇంకొకటి, వీరేందర్ వాళ్ల పని కోసం.

"గా పిలగాండ్లకు జీతమెవలిస్తరే?" అడిగింది ఎల్లవ్వ.

"ఎవ్వలియ్యరు పెద్దమ్మా. ఉత్తగనే చేస్తరు."

"మల్ల ఏం తింటరు?"

"వేరే కొలువులున్నయి."

"కొలువు చేసుకుంట గిది గూడ చేస్తరా? ఎవల కోసం?"

కృపారాణి అంది: "మనం పాడె పాటలు ఎవలు కట్టిండ్రో మనకెరుకనా పెద్దమ్మా? ఎవలో కట్టిండ్రు, మనం పాడుతున్నం. నువ్వు ఓ చరణం కలిపితివి, బీర్పూరోళ్లు ఇంకోటి కలిపిరి. ఎవ్వలన్న పైసలడిగిండ్రా? గదీ గసుంటిదే."

ఎల్లవ్వకు అప్పుడు నచ్చింది. నచ్చడమంటే మామూలు నచ్చడమా! ఆ వారమే బీర్పూర్‌కూ బుగ్గారానికీ కబురు పంపింది. దేవమ్మ అనే కూలిమనిషి మొగుడు మంచంలో ఉన్నా గుప్పెడు తప్పలేదు. బీర్పూర్ వజ్రమ్మ తన పిడికిలి చిన్నదని రెండుసార్లు తీసేది. ఇంటికి చేరుతున్న బస్తాల్లోకి కృపారాణి చెయ్యి పెట్టి చూసుకునేది. ఒక్కో వారం ఒక్కో రకం బియ్యం వేళ్లకు తగిలేది. ఈ తల్లుల ఋణం ఎలా తీర్చుకోవాలో ఆమెకు తెలిసేది కాదు.

ఒక్క చిక్కు వచ్చింది. బియ్యం అమ్మడమంటే ఎల్లవ్వకు ససేమిరా. ఉత్తపుణ్యానికి పనిచేసే పిల్లలు కడుపునిండా తిననీ, బియ్యమే పట్నం పంపుదామంటుంది. రూము కిరాయి బియ్యంతో కట్టరని ఒప్పించేసరికి కృపారాణి తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగు బస్తాలు నిండేసరికి సెప్టెంబరు వచ్చింది. దాంతోపాటే సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు. కృపారాణి కూడా సమ్మెలోనే ఉంది. కోరుట్లలో ఒక బియ్యం దుకాణదారు మంచి ధర ఇస్తానన్నాడని తెలిసి, నర్సింగం బస్తాలను ట్రాలీ ఆటోలో వేసుకుని పొద్దున్నే బయల్దేరాడు.

సాయంత్రం ఆటో చప్పుడు విని ఆమె వాకిట్లోకి వచ్చింది. బంతిపూల వాసన గుప్పుమంది. తండ్రి మెడలో దండ ఉన్నట్టుంది.

"దండేంది బాపూ? ధర మంచిగ అచ్చిందా?"

నర్సింగం దగ్గాడు.

పేపరు తిప్పేముందు దగ్గే దగ్గు అది. "ఏం దాస్తున్నవు? చెప్పు," అంది.

ఆయన అరుగు మీద కూలబడి చెప్పాడు. కోరుట్ల చౌరస్తాలో ఆ రోజు వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వందలమంది వండుకు తింటున్నారు. ఆటో ఆగిపోయింది. బస్తాలు చూసి ఎవరో ఎక్కడినుంచని అడిగారు. సారంగాపూర్ ఆడవాళ్లు గుప్పెడు గుప్పెడు పోగేసిన బియ్యమని ఈయన మొదలుపెట్టాడు, అంతే. పూర్తిగా చెప్పకముందే చప్పట్లు మోగాయి. టెంటు చూసుకునే సుదర్శన్ సారు మైకులో "సారంగాపూర్ నర్సింగం గారు" అని పిలిచాడు. దండ పడింది. బస్తాలు దిగాయి. ఎసరు అప్పటికే మరుగుతోంది.

"నోరు లేదా నీకు? గవి మనయి గావని చెప్పరాదా?"

"చెప్దామనే అనుకున్న బిడ్డా. గారు అన్నడు. అరవై ఏండ్లల్ల నా పేరు మైకుల ఎవ్వలు పిల్వలే. గారు అని అసలే అనలే. నోరు పెగల్లేదు." ఇంకా చిన్న గొంతుతో అన్నాడు. "ఇంకోటి గూడ ఉన్నది. గా డబ్బా సదువుడు మొదలువెడ్తె పొద్దుగాల్ల నాతోని నీకేం పని అని మనసుల ఓ మూలకున్నది. గా పాపం గూడ నాదే."

కోపం పట్టలేకపోతున్న కృపారాణి ఆ మాటతో చల్లబడిపోయింది. తిట్టాలనుకున్నవన్నీ లోపలే ఉండిపోయాయి. రాజవ్వ మాత్రం ఊరుకోలేదు. "ఆకలైనోళ్లే తిన్నరు, గది సరే. కని ఎల్లవ్వకు ఏం మొకం సూపిస్తవు?" అని ఇద్దరి బదులూ తానే కడిగేసింది.

మర్నాడు తండ్రీ కూతుళ్లు అదే ఆటోలో కోరుట్ల పోయారు. ముందు సుదర్శన్ సారుకు సంగతి చెప్పారు. ఆయన బడిపంతులు, సమ్మెలో ఉన్నాడు. అంతా విని, మైకు తెచ్చి నర్సింగం చేతికిచ్చాడు.

"నిన్న మీరు నాకు దండేసిండ్రు," అన్నాడు నర్సింగం. మైకు కీచుమంది. "గా దండ నాది గాదు. గా బియ్యం నాయి గావు. సూపులేనోళ్లకు తెలుగు సదివిపెట్టె మిషనొకటి పిలగాండ్లు పుక్కట్ల తయారుచేస్తుండ్రు. దానికోసమని మా ఆడోళ్లు మూడు నెలలు ఒక్కొక్క బుక్క కడుపు కాల్చుకుని జమచేసిండ్రు. నేను నోరు మూసుకున్న. మీదేం తప్పులేదు. తప్పు నాదే. గంతే."

టెంటులో ఎవరో కిసుక్కున నవ్వారు. కృపారాణి తండ్రి చెయ్యి పట్టుకుంది.

ముందు లేచిన గొంతు ఒక బీడీలు చుట్టే ఆవిడది. "నిన్న నేను రెండుసార్లు పెట్టించుకున్న. రెండు గుప్పిళ్లు తెస్త," అంది. జనం ఘొల్లుమన్నారు. సుదర్శన్ సారు మైకు అందుకుని, తిన్నవాళ్లంతా రేపు ఒక్కో గుప్పెడు తేవాలనీ, తిననివాళ్లు తెచ్చినా వద్దనమనీ ప్రకటించాడు.

తెచ్చారు. మూడు రోజులు తెస్తూనే ఉన్నారు. కొంగుల్లో, రుమాళ్లలో, టిఫిన్ గిన్నెల్లో. రేషను బియ్యం, సన్నబియ్యం, నూకలు అన్నీ కలిసిపోయి మూడు బస్తాలయ్యాయి. ఆ కలగూరగంప చూసి దుకాణదారు మొహం చిట్లించి ధర సగం చేశాడు. మొదట అనుకున్నది రాలేదు. హైదరాబాద్ రూముకు ఏ మాత్రం చాలదు.

కృపారాణి వీరేందర్‌కు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయినందుకు ఏడుపొచ్చింది. వీరేందర్ అన్నాడు: "అక్కా, గీ పైసలతోని మంచి మైకొకటి అస్తది. రూము సంగతి నేను చూస్త. రేణుకక్క గొంతిస్తనన్నది. నువ్వు సిరిసిల్లకు రా. తప్పులు పట్టెటందుకు నీ చెవులు గావాలె."

రేణుక అతని అక్క, సిరిసిల్లలో టీచరు. సమ్మె కాబట్టి తీరికగా ఉంది. మిగిలిన సంగతి వింటే ఎవరైనా నవ్వుతారు. నిశ్శబ్దం కావలసిన పనికి వీరేందర్ ఎంచుకున్న ఊరు సిరిసిల్ల! వాళ్లింటి వీధిలో ఇంటింటికీ మరమగ్గాలు. వాళ్లు వాటిని సాంచలంటారు. అవి నడుస్తుంటే పక్క మనిషి మాట వినిపించదు. కానీ బొగ్గుగనుల కార్మికులూ సమ్మెలో ఉండటంతో కరెంటు కోతలు విపరీతంగా ఉన్నాయి. కరెంటు పోగానే సాంచలు ఆగుతాయి. ఆగగానే, గోడలకు బొంతలు వేలాడదీసిన లోపలి గదిలో రేణుక చదవడం మొదలుపెడుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది. కృపారాణి చెవులు రిక్కించి పక్కన కూర్చుంటుంది. ఒక్క మాట తడబడినా, మంచం కిర్రుమన్నా "మల్ల సదువు రేణుకా" అంటుంది.

వారం గడిచేసరికి సగం కూడా కాలేదు. సరిగ్గా వాక్యాలు గాడిన పడేసరికి కరెంటు వచ్చేది, వీధంతా ధడధడమని మోగేది. అప్పుడు వీరేందర్ తండ్రి రాజలింగం, అరిగిన మోకాళ్లతోనే, ఇంటింటికీ తిరిగి అడిగాడు: కరెంటు వచ్చాక ఒక అరగంట సాంచలు ఆపగలరా?

అది అడగకూడని మాట. మీటరు లెక్కన కూలి. కోతలతో అప్పటికే సగం కూలి పోయింది. అయినా ఆ సాయంత్రం కరెంటు వచ్చింది, బల్బు వెలిగింది, వీధి మోగలేదు. రేణుక చదువుతూనే ఉంది. అరగంట తర్వాత గానీ మొదటి సాంచ కదల్లేదు. మర్నాడూ అంతే. పదకొండు రోజులు అలాగే జరిగింది.

కృపారాణి ఎదురింటి లింగన్న దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుంది. "మీ కూలి పోతున్నదన్నా," అంది.

"పోతె పోయింది తియ్యి చెల్లె," అన్నాడు లింగన్న. "పుట్టినకాంచి గీ సప్పుడ్లనే ఉన్నం. అరగంట గిట్ల కూసుంటె మాకు గూడ చెవులు సల్లగైతున్నయి. నిన్న మా పిల్ల మాట్లాడుతుంటె కూసుండి విన్న."

కృపారాణి అక్కడే నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషంతో అంతగా ఏడవడం తన జన్మలో అదే మొదటిసారని తర్వాత అందరికీ చెప్పుకునేది.

సమ్మె ముగిసింది. రేణుక బడికి పోయింది, కృపారాణి ఆఫీసుకు పోయింది, వీరేందర్ బృందం ఆ గొంతును ముక్కలు చేసి కూర్చే పనిలో పడింది. చలికాలంలో మొదటి నమూనా వచ్చింది. దాన్ని ఆఫీసు కంప్యూటర్లో పెట్టుకుని, మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక, కృపారాణి ఇన్నాళ్లూ దాచుకున్న పని చేసింది. ఆ విద్యార్థి వార్తను వెతికి చదువుకుంది.

మొత్తం చదివింది. అతని జేబులో దొరికిన ఉత్తరం చదివింది. వాళ్లమ్మ అన్న మాటలు చదివింది. హెడ్‌ఫోన్ తీసి చాలాసేపు బల్ల మీద తల పెట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇదే వార్త ఒక పొద్దున తన తండ్రి గడప మీద కూర్చుని లోలోపల చదువుకున్నాడని. ఒక్కసారి దగ్గి, పేజీ తిప్పి, ఏమీ జరగనట్టు మార్కెట్ ధరలు చదివి, తనను బస్సెక్కించి కూలికి పోయాడు. అలాంటివి ఎన్ని పొద్దులు! ఎవరితోనూ చెప్పుకోకుండా అవన్నీ ఆయన ఒక్కడే మోశాడు.

ఆ సాయంత్రం రేణుకకు ఫోన్ చేసింది. సాయం చేసినవాళ్ల పేర్ల జాబితా ప్రోగ్రాంలోనే చేర్చాలని వీరేందర్ ఎప్పుడో చెప్పాడు. పేర్లు చెప్పే పని కృపారాణిది, టైపు చేసే పని రేణుకది. జాబితా చివర ఇంకొక పేరు చేర్చమని కృపారాణి అడిగింది.

తర్వాతి ఎండాకాలంలో ఒక ఆదివారం వీరేందర్ సారంగాపూర్ మందిరానికి వచ్చాడు. ప్రార్థన అయ్యాక ల్యాప్‌టాప్‌కు స్పీకర్లు తగిలించాడు. బీర్పూర్, బుగ్గారం ఆడవాళ్లు కూడా వచ్చారు. సుదర్శన్ సారు కోరుట్ల నుంచి వచ్చాడు. నర్సింగం తలుపు దగ్గర, చెప్పులు విప్పే చోట కూర్చున్నాడు.

మీట నొక్కగానే రేణుక గొంతు పలికింది. అక్కడక్కడా తడబడుతోంది గానీ తేట తెలుగు.

"ఈ గొంతుకు సాయపడినవాళ్లు. సారంగాపూర్ ఎల్లవ్వ, రెండో గుప్పెడు. సారంగాపూర్ దేవమ్మ, రెండో గుప్పెడు. సారంగాపూర్ రాజవ్వ, రెండో గుప్పెడు. బీర్పూర్ వజ్రమ్మ, రెండో గుప్పెడు, చిన్న పిడికిలి కాబట్టి మూడోది కూడా."

మందిరమంతా నవ్వింది. పేర్లు సాగుతూనే ఉన్నాయి. తన పేరు వినపడగానే ఒక్కొక్కరూ కొంగు సర్దుకుంటున్నారు. "నా పేరు గింత నిమ్మలంగ మా అవ్వ గూడ పిల్వలే," అంది ఎల్లవ్వ, ముక్కు చీదుకుంటూ. "కోరుట్ల చౌరస్తాలో ఆ రోజు తిన్నవాళ్లు, తినకపోయినా తెచ్చినవాళ్లు" అని వచ్చినప్పుడు సుదర్శన్ సారు చప్పట్లు కొట్టాడు. సిరిసిల్ల వీధి వచ్చింది. "లింగన్న, రోజుకు అరగంట." ఆ వెనకే ఇరుగుపొరుగు పేర్లన్నీ వచ్చాయి, ఒక్కొక్కరికీ అరగంట.

అయిపోయిందనుకున్నారు. ల్యాప్‌టాప్ ఒక్క క్షణం ఆగి మళ్లీ పలికింది.

"సారంగాపూర్ నర్సింగం గారు. పదకొండేళ్లు చదివి వినిపించిన వార్తలకు. చదవకుండా దాటేసిన వార్తలకు కూడా."

తలుపు దగ్గర నర్సింగం దగ్గాడు. కృపారాణి లేచి, గోడ పట్టుకుని ఆ దగ్గు వినపడిన వైపు నడిచి, ఆయన పక్కన కూర్చుంది.

"బాపూ, రేపు పొద్దుగాల్ల పేపరు తెస్తవు గదా?"

"తెస్త బిడ్డా," అన్నాడు నర్సింగం. తర్వాత గొంతు సవరించుకుని, కొంచెం సిగ్గుపడుతూ వీరేందర్ వైపు తిరిగి అడిగాడు. "కొడుకా, గా ఆఖరుది మల్లొక్కసారి సదువుమను."